అమ్మవారు వస్తేగానీ రానివ్వని దేశం

అరవైల చివర్లో నేను శ్రీకాకుళంలో ఒక ట్యుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. పరీక్ష తప్పినవాళ్ళకి చెప్పే ఉద్యోగం కాబట్టి, నేను తప్పు చెప్పినా అది కొత్త తప్పుగా ఎవరికీ తోచేది కాదు. మా దగ్గర చేరడానికి అర్హత ఒక్కటే, అంతకుముందు ఎక్కడో ఒకచోట ఫెయిలై ఉండాలి. ఆ అర్హత మేష్టర్లక్కూడా ఉండేది. అలాంటి నా చేతికి ఒక పరాయి దేశపు ప్రవేశార్హతల కాగితం వచ్చి పడింది.

తెచ్చింది మా మేనత్త. శ్రీకాకుళం నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో, నాగావళి ఒడ్డున మా ఊరు. అత్త అక్కడే పుట్టి, అక్కడే మెట్టి, మామయ్య పోయాక పొలాన్నీ చుట్టుపక్కల మగవాళ్ళనీ ఒక్క నోటితో దున్నుకుంటూ వచ్చింది. ఆమె చిన్నపిల్లగా ఉండగానే మా పెదనాన్న విశాఖపట్నం పోయి ఓడలో పనికి కుదిరాడు. రంగూన్‌లో ఉన్నాడని కొన్నాళ్ళు విన్నారు. ఆ తర్వాత ఎక్కడెక్కడో తిరిగి, వెస్టిండీస్‌లో ట్రినిడాడ్ అనే దీవిలో దిగి, అక్కడ ఏనాడో స్థిరపడ్డ మనదేశపు వాళ్ళ పిల్లని చేసుకుని, కొబ్బరికాయల వ్యాపారం పెట్టాడు. మా నాన్న కూడా పోయాక అత్తకి తోడబుట్టినవాడంటూ మిగిలింది ఆయనొక్కడే. ఆయనకి గుండె జబ్బు. కదలకూడదన్నారు డాక్టర్లు. అందుకని ఆయన కొడుకు ఇంగ్లీషులో ఉత్తరం రాసి, అత్తకి కలకత్తా నుంచి రానూపోనూ విమానం టిక్కెట్టూ, దాంతోపాటు ఈ కాగితమూ పంపాడు. టిక్కెట్టు మీద తేదీ వేసే ఉంది. అది తప్పితే ఇంకో టిక్కెట్టు కొనే తాహతు ఇటూ లేదు, అటూ లేదు.

"మా అన్నని ఓపాలి సూడాలిరా," అంది అత్త. "ఆడు నన్ను సూడాల. అంతకన్న నాకేటీ అక్కర్లేదు. ఆ కాయితంలో ఏటేటి అడిగినారో సెప్పు."

టూరిస్టుగా వచ్చేవాళ్ళు ఏమేమి తేవాలో టైపు కొట్టిన కాగితం అది. టూరిస్టుకి టూరు తర్వాత, ముందంతా లిస్టే.

"పాస్‌పోర్టు ఉండాలత్తా."

"రాయించు."

"తిరుగు టిక్కెట్టు ఉండాలి."

"అదెందుకూ?"

"అక్కడే ఉండిపోతావేమోనని."

"నానక్కడ ఉండిపోతే ఇక్కడ గేదికి కుడితి ఎవులు పెడతారు? ఆ మాట రాసీ."

"అక్కడ నీ తిండీ బసా చూసుకునేవాళ్ళున్నారని హామీ ఉండాలి."

"అన్న ఇంటికెల్తే అన్న అన్నం పెడతాడని రాసియ్యాలేటి? ఏం దేశంరా బాబూ!"

"ఎందుకొస్తున్నావో చెప్పాలి. దేశం చూడ్డానికి అని రాస్తాను."

"దేశం నాకెందుకురా. మా అన్న మొకం సాలు."

"ఆ మొహం ఉన్నది ఆ దేశంలోనే కదత్తా."

ఆ పాయింటు మీద అత్త ఒప్పుకుంది. ఆమె నా మాటకి ఒప్పుకున్న సందర్భాలు అరుదు కాబట్టి ఇప్పటికీ గుర్తుంది.

పాస్‌పోర్టు కోసం మద్రాసుకి కాగితాలు పంపాం. గుర్తింపు చిహ్నాలు అన్నచోట, ముంజేతి మీద పచ్చబొట్టు ఉందని నేను ఇంగ్లీషులో రాశాను. దాన్ని చదివినవాళ్ళకి మా అత్త పచ్చరంగు మనిషని అర్థమవుతుందని తర్వాత కాలేజీలో ఎవరో చెప్పారు. మద్రాసు వాళ్ళు మాత్రం అభ్యంతరం పెట్టలేదు. అత్త ఎలాంటి మనిషో కనుక్కోవడానికి ఒక కానిస్టేబులు సైకిలేసుకుని వచ్చాడు. ఎదురింటావిణ్ణి పిలిచి, ఈమె కేరెక్టరు ఎలాంటిదని అడిగాడు.

"మంచిదే బాబూ," అందావిడ. "నోరొక్కటీ కట్టీసి తీసుకెల్తే ఏ దేశమైనా బరిస్తాది."

అత్త పెరట్లోంచి విని, బయటికొచ్చి, ఆవిడ కేరెక్టరు గురించి తాతల నాటి నుంచి మొదలుపెట్టింది. కానిస్టేబులు అదీ రాసుకోబోతుంటే నేనే ఆపాను. మొత్తానికి పాస్‌పోర్టు వచ్చింది. పాసయినందుకు నాకంటే మా కాలేజీ ప్రిన్సిపాల్‌కి ఎక్కువ ఆశ్చర్యం.

ఇక మిగిలింది టీకా. మశూచికానికి టీకా వేయించుకుని, అది ఫలించిందని ఆరోగ్యశాఖ మనిషి స్వయంగా చూసి పసుపుపచ్చ పుస్తకంలో రాసివ్వాలి. చిన్నప్పుడు వేసిన టీకా ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. కానీ అత్త చిన్నతనంలో టీకాలవాళ్ళు ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా మా నాయనమ్మ ఆమెని ధాన్యం గాదెలో దాచేసేదట. అలా అత్త ఏ మచ్చా లేని మనిషిగా పెరిగింది.

ఇక్కడే నా తెలుగు నా ఇంగ్లీషు కంటే ఎక్కువ చెరుపు చేసింది. "టీకా వేయించుకుంటే చాలదత్తా, అది పొంగాలి," అని చెప్పాను. "పొంగకపోతే ఆ దేశంలోకి రానివ్వరు."

అత్త రెండు చేతులూ జోడించింది.

మా వైపు మశూచి అంటే జబ్బు కాదు, అమ్మవారు. ఒంటి మీద ఒక్క పొక్కు లేచినా తల్లి వచ్చిందంటారు తప్ప జబ్బు చేసిందనరు. నేను చెప్పిన మాట సాయంత్రానికి ఊరంతా తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి ఇలా ఉంది: ఒంటి మీద అమ్మోరుంటే గాని ఆ దేశంలో గడప తొక్కనియ్యరట. అసలే ట్రినిడాడ్ అన్న పేరుకి నోరు తిరక్క ఊళ్ళో అందరూ తిరునాడు అనేవారు. అది ఏదో పుణ్యక్షేత్రమని సగం మందికి ముందే నమ్మకం. ఇప్పుడు మిగతా సగానికీ కుదిరిపోయింది. "మన కలెట్రాపీసులోకి ఎల్లాలంటే అలగడుగుతారేటి? ఎంత బక్తో సూడు ఆ దేశపోలకి!" అని రచ్చబండ దగ్గర మెచ్చుకున్నారు. ఒక ముసలావిడ, అక్కడి తల్లికి ఇమ్మని పసుపూ కుంకుమా పొట్లం కట్టి తెచ్చింది. నేను దిద్దబోయాను గానీ, నా అనువాదాన్ని పదిమంది మెచ్చుకోవడం అదే మొదలు. మనసు రాలేదు.

టీకాల ఇన్‌స్పెక్టరు శృంగవరపుకోట వైపు మనిషి. సన్నగా, గొడుగుతో సహా ఎప్పుడూ ఎక్కడికో బయల్దేరినట్టుండేవాడు. సూదిముళ్ళున్న గుండ్రటి బిళ్ళని అత్త జబ్బ మీద పెట్టి మెలితిప్పి, వారం పోయాక వచ్చి చూస్తానన్నాడు. అత్త కళ్ళు మూసుకుని అమ్మవారికి స్వాగతం చెప్పింది.

తల్లి ఆలస్యం చేయలేదు. జ్వరం, జబ్బ మీద ఇంత పొక్కు. అంతే, గుమ్మానికి వేపకొమ్మలు కట్టారు. ఇంట్లో తాలింపు వేయడం మానేశారు. చల్దన్నం, మజ్జిగ, చప్పిడి పప్పు. పరామర్శకి వెళ్ళిన నేను కూడా అదే తినాల్సి వచ్చింది. టూరిస్టు అత్త, పథ్యం నాది. ఇన్‌స్పెక్టరు చెప్పినట్టే వచ్చాడు గానీ, అత్త చెయ్యి పమిట కింద దాచేసుకుంది.

"చూపించమ్మా, పొంగిందో లేదో చూసి రాసేస్తాను."

"అమ్మోరికే పరీచ్చ పెడతావేటి బాబూ? పొంగిందా నేదా అని లెక్కలు కట్టకూడదు. తల్లికి అనుపు సేసీనాక సూడు."

అనుపంటే అమ్మవారిని సాగనంపడం. మేళంతో పొలిమేర దాకా తీసుకెళ్ళి దాటించాలి. అది జరిగేదాకా ఆ మనిషి పొలిమేర దాటకూడదు. ఆవిధంగా రాకకి షరతులు ఆ దేశానివి, పోకకి షరతులు మా ఊరివి. రాకపోకల మధ్య అత్త ఇరుక్కుంది. ఇన్‌స్పెక్టరుకేమో మర్నాడే పాలకొండ వైపు కాంపు. మళ్ళీ వచ్చేసరికి విమానం వెళ్ళిపోతుంది.

"అయితే మధ్యాన్నమే అనుపు పెట్టీయండి," అన్నాడాయన. "నేను పొలిమేర కాడే కూకుంటాను. దాటించగానే చూసి సంతకం పెడతాను."

డప్పులు పిలిచారు. కొత్త కుండలో వేపాకు వేసిన పసుపునీళ్ళు, అంటే మా వైపు ముర్రాట, పక్కన దీపం, చల్ది మూట, ఇవన్నీ ఒక చిన్న వెదురు బండి మీద పెట్టి ఊరు ఊరంతా బయల్దేరింది. వెనక అత్త, ఆమె వెనక నేను. పొలిమేర కాలవ గట్టు మీద ఇన్‌స్పెక్టరు గొడుగేసుకుని కూర్చున్నాడు. కాలవకి అవతల పక్క ఊరి జనం కర్రలు పట్టుకుని నిలబడ్డారు. మా డప్పులు విని వచ్చారు. ముందు వాళ్ళ ఊరి పెద్ద. అత్తకి బావ వరస.

"ఆగండెహె!" అన్నాడాయన. "ఏ అమ్మోరిది? ఎక్కణ్ణుంచొస్తంది?"

అందరూ నా వైపు చూశారు. దేశాల మధ్య వ్యవహారాలు నడిపినవాణ్ణి నేనే కదా. ముందుకెళ్ళాను.

"టీకా సూదిలోంచి వచ్చిందండీ."

"సూదిలోంచా? ఆ సూదిదే ఊరు?"

"శ్రీకాకుళం ఆసుపత్రి."

"అయితే శ్రీకాకుళమే తోలీండి. ఇటెందుకొస్తాది?"

"తల్లిని సముద్రం వైపే కదండీ పంపాలి. మీ ఊరు దారిలో ఉంది."

"మా ఊర్లో ఎన్నాళ్ళుంటాది?"

"ఉండదండీ. చూసుకుంటూ దాటిపోవడమే."

"దాటిపోద్దని నీకెవుడు సెప్పినాడు? తోవలో ఆకలేస్తే నైవేద్దిం ఎవులెడతారు?"

"చల్దీ మజ్జిగా మేమే పంపుతున్నామండీ."

"సరే, తిని, మా ఊరు బాగున్నాదని ఉండిపోతే?"

అత్త తెచ్చిన కాగితంలో ప్రశ్నలు కూడా ఇంచుమించు ఇవే. తేడా అల్లా అక్కడ ఖాళీలు వదిలారు, ఇక్కడ కర్రలు పట్టుకున్నారు. నా వెనకనుంచి అత్త అందుకుంది.

"ఉండిపోడానికి మీ ఊర్లో ఏటున్నాది బావా? బడికి కప్పు నేదు, బావిలో నీలు నేవు. మీ ఆడపిల్లలే ఉండనేక మా ఊరు కోడళ్ళైపోనారు."

"ఆలు వొచ్చినాకే కదే మరదలా, మీ ఊరికి కాసింత మరియాద వొచ్చింది!"

రెండు ఊళ్ళూ నవ్వాయి గానీ కర్రలు దిగలేదు. చివరికి ఆయన ఒక షరతు పెట్టాడు. తమ ఊరికి కింద, సముద్రం ఒడ్డున ఉన్న చేపలవాళ్ళ ఊరు అమ్మవారిని పుచ్చుకుంటామని మాటిస్తే, అప్పుడు తాము దారిస్తారు. దారి మధ్యలో తల్లి తమ నెత్తిన పడకూడదు.

నేను ఎవరిదో సైకిలెక్కి ఇసకదారిన చేపలవాళ్ళ ఊరు వెళ్ళాను. ఎక్కిన దూరం కంటే తోసిన దూరం ఎక్కువ. అక్కడ గంపలు కడుగుతున్న ఒక పెద్దావిణ్ణి అడిగాను. ఊళ్ళో చెల్లేది ఆవిడ మాటేనని చెప్పారు.

"ముందు ఆ ఊరోలు దాటించనీ బాబూ," అందావిడ. "ఆలు దాటించకుండా మేము పుచ్చుకుంటామని సెప్తే, మేము పిలిసినట్టవ్వదేటి? పిలిసినమ్మోరు మల్లీ ఎల్తాదేటి?"

తిరిగి వచ్చి పెద్దాయనకి చెప్పాను. "సూసినావా! ఆలే ఒద్దంటన్నారు," అన్నాడాయన. ఒద్దనలేదండీ, మీరు ముందంటున్నారని చెప్పాను. "మేము ముందెందుకవుతాం?" అన్నాడు. మళ్ళీ సైకిలెక్కాను. మళ్ళీ అదే గంపలు, అదే మాట. మూడోసారికి ఆవిడ నా మొహం చూసి జాలిపడి ఒక కొబ్బరిబోండం ఇచ్చింది గానీ, మాట మాత్రం ఇవ్వలేదు.

నేను తిరిగొచ్చేసరికి ఎండ దిగుతోంది. దీపంలో చమురు అయిపోవస్తోంది. డప్పులవాళ్ళు చుట్టలు కాల్చుకుంటున్నారు. అత్త గట్టు మీద కుండ పక్కన కూర్చుని ఉంది. ఊరంతటి నోరూ మూసుకుని, ఒక్కతే కాలవ నీళ్ళకేసి చూస్తోంది. నన్ను చూసి చిన్నగా అంది:

"ఇంక ఆడి మొకం సూణ్ణేనేమోరా."

ఆ మాట ఇన్‌స్పెక్టరు చెవిన కూడా పడినట్టుంది. ఆయన గొడుగు మూశాడు. అంతసేపు ఎవరినీ ఏమీ అనని మనిషి ఒక్కసారిగా లేచి, కాలవ దాటి అవతలి గట్టెక్కాడు.

"ఏంటయ్యా మీ గొడవ! అదేం అమ్మవారు కాదు, మందు. ఒట్టి మందు! నమ్మకపోతే మీరే చూడండి," అని సంచీలోంచి పెట్టె తీసి, పెట్టెలోంచి ఆ ముళ్ళబిళ్ళ తీసి పైకెత్తి పట్టుకున్నాడు. ఎండకి అది తళుక్కుమంది.

ఒక్క క్షణం అందరూ ఆ బిళ్ళకేసే చూశారు. తర్వాత ఎవరో "టీకాలోడ్రోయ్!" అని కేక పెట్టారు. అమ్మవారికి ఎదురు నిలిచిన ఊరు టీకాకి నిలవలేదు. కర్రలు ఎక్కడివక్కడ పడ్డాయి. పెద్దాయన పంచె మోకాళ్ళ పైకి లాక్కుని వరి మడిలోంచి అడ్డంగా పరుగెత్తాడు. ఆ వయసులో ఆయన్లో అంత వేగముందని మా అత్తకి కూడా తెలియదట. ఇన్‌స్పెక్టరు ముందు బిత్తరపోయాడు. కానీ నెలాఖరు రోజులు, పైవాళ్ళు చెప్పినన్ని టీకాలు ఇంకా పూర్తికాలేదు. టీకా పడని చేతులు అన్ని ఒకేచోట కనిపించి, ఒకేసారి పారిపోతుంటే ఆయన వృత్తిధర్మం ఊరుకోలేదు. "ఒక్క నిమిషం! నొప్పుండదు! ఒక్క నిమిషం!" అని పెట్టె పట్టుకుని వాళ్ళ వెంట పడ్డాడు.

కాలవ అవతల కాపలా అన్నది లేదు.

"ఏటలగ సూస్తన్నారు!" అత్త లేచి నిలబడింది. నోరు తిరిగొచ్చింది. "తల్లిని నడిపించండి! కొట్టండెహె డప్పు!"

పొలిమేర దాటాం. పక్క ఊళ్ళో అన్ని తలుపులూ బిడాయించి ఉన్నాయి, లోపల పిల్లల్ని గాదెల్లో దాస్తున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. అమ్మవారు ఏ ఆటంకం లేకుండా నడివీధిలోంచి నడిచిపోయింది. ఇసకలో బండి చక్రాలు కూరుకుపోతే నేనే మోశాను. చేపలవాళ్ళ ఊళ్ళో పెద్దావిడ ఎదురొచ్చింది. "దాటించీసినారా? అయితే సరే," అని కుండకి దణ్ణం పెట్టి, మనుషుల్ని పిలిచి తెప్ప వేయించింది. దీపంతో సహా తల్లి కెరటాలు దాటి వెళ్ళిపోయింది.

మేము కాలవ గట్టుకి తిరిగొచ్చేసరికి ఇన్‌స్పెక్టరు కూడా వచ్చాడు, మోకాళ్ళ దాకా బురదతో. ఆయనకి దొరికింది పరుగెత్తలేని ముసలాయన ఒక్కడే. ఆ ముసలాయనకి చిన్నప్పుడే టీకా వేశారట.

అత్త జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. "ఇప్పుడు సూడు బాబూ. ఇప్పుడిది నా సెయ్యే."

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని వంగి చూశాడు. "బ్రహ్మాండంగా పొంగిందమ్మా."

"ఆ మాట ఇందాక అనుంటే నీ కల్లు పోయీవి," అని అత్త ఆయన తరఫున తనే లెంపలేసుకుంది. ఆయన అక్కడే గట్టు మీద కూర్చుని పసుపుపచ్చ పుస్తకంలో సంతకం పెట్టాడు. బురద వేలిముద్ర కూడా పడింది. ఆ పుస్తకానికి సర్కారు ముద్ర వేసే ఆఫీసులో దాన్నీ లెక్కలోకి తీసుకున్నారు.

కలకత్తా దాకా నేనే వెళ్ళి విమానం ఎక్కించాను. దారిలో ఎవరైనా సాయం చేస్తారని ఒక అట్టముక్క మీద, "ఈమెకి ఇంగ్లీషు రాదు, అన్నగారి ఇంటికి వెళ్తోంది, దయచేసి ఈమెతో వాదించకండి" అని ఇంగ్లీషులో రాసి పమిటకి పిన్నుతో గుచ్చాను. నా ఇంగ్లీషు మీద నమ్మకం లేక కింద అన్నగారి చిరునామా ఇంకోసారి పెద్దక్షరాలతో రాశాను.

వానలు పడ్డాక అత్త తిరిగొచ్చింది. నేను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తోంది. ఊళ్ళోవాళ్ళు అక్కడి గుళ్ళ గురించి అడిగి అడిగి వెళ్ళిపోయారు.

"పెదనాన్న నిన్ను గుర్తుపట్టాడా?" అన్నాను.

"ఎలగ పడతాడురా? నాను పరికిణీ కట్టేటప్పుడెల్లినోడు. గుమ్మంకాడ కర్ర పట్టుకుని నిలబడ్డాడు. మా నాన్న సెవులే, అచ్చం. పక్కన కోడలు ఇంగిలీసులో ఏటో సెప్తంది. ఆడు నన్నే సూస్తన్నాడు. మాటాడ్డే? ఆడికి తెలుగు పోనాది, నాకు ఇంగిలీసు నేదు. నాను సూసి సూసి, సరే పదమని, సెప్పుల్తోనే నోపలికి అడుగేసినాను." అత్త వలవడం ఆపింది. "'ఒసే గుంటా! కాల్లు కడుక్కుని రా, దెబ్బలు తింతావు!' అని ఒక్క అరుపు అరిసినాడురా. కోడలు అడిలిపోనాది. ఆడి నోట తెలుగు ఆ పిల్ల ఎప్పుడూ ఇన్నేదట."

"తర్వాత?"

"తరవాతేటి? ఆడికి మిగిలిన తెలుగంతా అదే. చిన్నప్పుడు నన్ను తిట్టిన తిట్లే. 'కంచంలో మెతుకులు ఒగ్గీకు', 'నోర్ముయ్', 'నూతికాడికెల్లకు'. అక్కడ నుయ్యే నేదు. ఉన్నన్నాళ్ళూ పొద్దున్నించి సాయంత్రం దాకా అవే తిట్టినాడు. ఆడు కాల్లు కడుక్కోమన్నప్పుడల్లా కడుక్కున్నాను, నోర్ముయ్యమంటే మూసుకున్నాను."

"నువ్వా!"

"ఏం? నన్ను తిట్టే పెద్దోలు ఈ ఊర్లో ఎవులు మిగిలినార్రా?"

ఆమె నోరు మూసుకున్న దేశాన్ని ఊహించుకోవడానికి నాకు కాస్త టైము పట్టింది. వచ్చేటప్పుడు ఏమన్నాడని అడిగాను.

"కారు దాకా వొచ్చినాడు, ఒద్దన్నా ఇన్నేదు. 'ఎల్లెల్లు, బండెల్లిపోద్ది' అన్నాడు. 'ఎనక్కి సూడకు, పడతావు' అన్నాడు." అత్త ఒక కాయ ఒలిచి పలుకులు నా చేతిలో పోసింది. "సూసినాను. పడనేదు."